పొగ మనకు, పేరు వాళ్లకు

మన బడుల్లో వంట చేసే ఆడవాళ్లకు ప్రభుత్వ కాగితాల్లో ఒక పేరుంది: 'కుక్ కమ్ హెల్పర్'. వండేదీ ఆమే, వండేవాళ్లకు సాయం చేసేదీ ఆమే. ఒక్క మనిషికి రెండు పనులు పెట్టి, ఆ రెంటిలో చిన్నదాని జీతం ఇవ్వడానికి పుట్టిన పేరు ఇది. ఆ ఇచ్చేదాన్ని కూడా జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. అందులో గౌరవం ఎంతో ఆమె వంట చేసే చోటు చూస్తే తెలుస్తుంది. వేతనం ఎంతో ఆమె కిరాణా కొట్లో పెట్టిన అప్పు చూస్తే తెలుస్తుంది.

ఈ వ్యాసంలో మేం చెప్పదలుచుకున్నది రెండు ముక్కలు. రేకు కింద, మూడు రాళ్ల మీద, తడి కట్టెలతో వంద మందికి వండడం గొప్ప నేర్పు. దాన్ని నేర్పుగా గుర్తించాలి. ఇది మొదటిది. ఆ రేకూ, ఆ రాళ్లూ, ఆ తడి కట్టెలూ మన సంస్కృతి కాదు, మనకు జరిగిన లోటు. దాన్ని తీర్చాలి. ఇది రెండోది. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్లే మనకు ఎక్కువ నష్టం చేస్తున్నారు. కొందరు లోటును చూసి నేర్పు లేదంటారు. ఇంకొందరు నేర్పును మెచ్చుకుంటూ లోటును అలాగే ఉంచేస్తారు.

ముందు పని ఏమిటో లెక్క చూద్దాం. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతి పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని కేంద్రం లెక్క. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు 150, 30, 75, ఏడున్నర. అంటే వంద మంది చిన్నపిల్లలున్న బడిలో రోజూ పది కిలోల బియ్యం, రెండు కిలోల పప్పు, అయిదు కిలోల కూరగాయలు వండాలి. దీనికి ఎంతమందిని పెడతారు? పాతిక మంది పిల్లల వరకు ఒక్కరు, వంద వరకు ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఇంకొకరు. మన గూడేల బడుల్లో చాలావాటిలో పాతిక మంది కూడా ఉండరు. కాబట్టి చాలాచోట్ల ఒక్క మనిషే. కట్టెలు తెచ్చేది, నీళ్లు మోసేది, బియ్యం ఏరేది, వండేది, వడ్డించేది, గిన్నెలు తోమేది, చివర బూడిద ఎత్తేది అన్నీ ఆమే.

పది కిలోల బియ్యం ఉడికిన గుండిగను ఇద్దరు ఆడవాళ్లు రెండువైపులా పాత గుడ్డలతో పట్టుకుని గంజి వార్చడం ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? గుడ్డ జారితే కాళ్లు కాలతాయి. కాలు జారితే మనిషే కాలిపోతుంది. కట్టె తడిగా ఉంటే మంట రాదు, పొగే వస్తుంది. మంట ఎక్కువైతే అడుగంటుతుంది, తక్కువైతే పలుకు మిగులుతుంది. తిప్పడానికి మంటను తగ్గించే మీట లేదు. కట్టెను లోపలికి తోయడం, వెనక్కి లాగడం, అదే ఆమె మీట. గంట కొట్టే వేళకు అన్నం దిగి ఉండాలి. ఆలస్యమైతే పిల్లలు ఆకలితో ఉంటారు, సారు కోప్పడతారు, తనిఖీకి వచ్చినవారు రాసుకుంటారు. దీన్ని నేర్పు అనకపోతే ఇంకేమంటారు?

ఇప్పుడు రెండో వంటగది సంగతి. మన కుర్రాళ్లు ఎంతోమంది విశాఖపట్నం, హైదరాబాద్ హోటళ్ల వంటిళ్లలో పనిచేస్తున్నారు. వాళ్లను అడిగితే చెబుతారు. పొయ్యి నడుము ఎత్తున ఉంటుంది, వంగక్కర్లేదు. పొయ్యి పైన పొగను లాగేసే పెద్ద గొట్టం ఉంటుంది. 19 కిలోల సిలిండర్లు బయట గదిలో ఉంటాయి, గ్యాసు గొట్టంలో లోపలికి వస్తుంది. పచ్చిమాంసం కోసే బల్ల వేరు, కూరగాయల బల్ల వేరు. చేతులు కడుక్కునే తొట్టి వేరు, గిన్నెలు కడిగేది వేరు. సరుకు వచ్చిన తేదీ రాసి పెడతారు. ఉల్లిపాయలు తరిగే మనిషి ఉల్లిపాయలే తరుగుతాడు. కూర చేసే మనిషి నీళ్లు మోయడు. వీటన్నిటి నడుమ నిలబడి వండేవాడిని షెఫ్ అంటారు, తెల్లకోటు తొడుగుతారు, ఫొటో వేస్తారు.

అతను నేర్పు లేనివాడని మేం అనడం లేదు. అతని నేర్పుకు వెనక ఎంత సరంజామా నిలబడి ఉందో చూడమంటున్నాం. ఆ సరంజామా అంతా తీసేసి, శ్రావణమాసపు వానలో తడిసిన కట్టెలిచ్చి, రేకు కింద నిలబెట్టి, పన్నెండున్నరకు వంద మందికి అన్నం పెట్టమంటే అతనికి మన గూడెం అక్క దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంటుంది. అదే సరంజామా అక్కకు ఇచ్చి నెల రోజులు నేర్పితే ఆమె వెనకబడుతుందని అనుకునేవాళ్లు మన ఆడవాళ్లను ఎరగరు.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలకు ఫ్రాన్సు దేశపు ఆగస్త్ ఎస్కాఫియే గురించి పాఠం ఉంటుంది. పెద్ద హోటళ్ల వంటిళ్లలో ఎవరి పని ఏమిటో విడగొట్టి వరస పెట్టినవాడని ఆయనకు పేరు. ఆయన 1870 యుద్ధంలో సైన్యానికి వంట చేశాడు. ముట్టడిలో చిక్కి, దొరికిందానితో వండాల్సిన రోజులు చూశాడు. అయితే ఆ లేమిని ఆయన తన సంస్కృతి అని చెప్పుకోలేదు. అక్కడే ఉండిపొమ్మని ఆయనకు ఎవరూ చెప్పలేదు కూడా. లేమిలో నేర్చింది చేతిలో పెట్టుకుని, మంచి వంటిల్లు కట్టుకున్నాడు. మన ఆడవాళ్లకు మాత్రం లేమిలో నేర్చింది లేమిలోనే వాడమంటున్నారు.

'వాళ్లకు అలవాటే కదా, ఇళ్లలో కట్టెల పొయ్యే కదా' అనే మాట ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. ఈ మాటకు జవాబు చెప్పాలి. ఇంట్లో పొయ్యి ఆరుగురికి. దాని పొగకు ఇంట్లో ఒక పని కూడా ఉంది. అటక మీది విత్తనాలకు, వేలాడదీసిన కంకులకు పురుగు పట్టకుండా అది కాస్తుంది. మన పెద్దవాళ్లు పొయ్యినీ అటకనూ కలిపే ఆలోచించారు. బడి పొయ్యి వంద మందికి. దాని పొగ ఏ విత్తనాన్నీ కాయదు, వండేవాళ్ల కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అటకకు మంచిదైన ఇంటి పొగ కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఇంటింటికీ గ్యాసు ఇవ్వాలని 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం పెట్టింది ఆ కారణం చెప్పే. ఇంట్లో ఆరుగురికి వండితే పొగ హాని, బడిలో వంద మందికి వండితే అలవాటా?

చట్టం ఏం చెప్పిందో కూడా మన యువకులు తెలుసుకోవాలి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టమని రాష్ట్రాలను ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న ఇంకో ఆదేశం ఇచ్చింది. అందులో రెండు మాటలు మనకు ముఖ్యం. వంటవాళ్లుగా, సహాయకులుగా దళితులకు, షెడ్యూల్డు కులాలకు, షెడ్యూల్డు తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది ఒకటి. వంటషెడ్ల నిర్మాణానికి కేంద్రం డబ్బు ఏర్పాటు చేయాలన్నది రెండోది. రెండూ ఒకే ఆదేశంలో ఉన్నాయి. కోర్టు మన చేతి వంటనూ, ఆ చేతికి కావాల్సిన గదినీ కలిపే చెప్పింది. వంద మంది పిల్లల వరకు 20 చదరపు మీటర్ల వంటగది, సరుకుల గది ఉండాలని తర్వాత లెక్క కూడా వచ్చింది. మన దగ్గర చాలాచోట్ల మొదటి సగం అమలైంది, రెండో సగం రేకు దగ్గర ఆగిపోయింది.

వేతనం లెక్క కూడా చూడండి. 2009లో కేంద్రం వంటమనిషికి నెలకు 1,000 రూపాయలు పెట్టింది, అదీ ఏడాదిలో పది నెలలకే. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ వాటా కలిపి దాన్ని 3,000 చేశాయి. నెలకు 25 పనిదినాలు అనుకుంటే రోజుకు 120 రూపాయలు. 2025-26లో ఈ రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి తవ్వినందుకు 307, మన పిల్లలకు అన్నం వండినందుకు 120. ఉపాధి కూలి ఎక్కువని మేం అనం, అదీ చాలదు. కానీ వంట నేర్పును మట్టిపనిలో సగం కంటే తక్కువగా ఎవరు లెక్కగట్టారు? ఆడవాళ్ల పని కాబట్టి, ఆ ఆడవాళ్లు మనవాళ్లు కాబట్టి అలా లెక్కగట్టారు. వేరే కారణం మాకు కనబడలేదు.

ఇక్కడ ఇంకో చేదు నిజం ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పిన 3వ నంబరు జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. అదే బడి ఆవరణలో, పదడుగుల దూరంలో ఉన్న వంటపని కోసం మాత్రం ఎవరూ కోర్టుకు పోలేదు. పొగలో నిలబడి రోజుకు 120 రూపాయలు తీసుకునే పని మీద పోటీకి ఎవరూ రారు. జీతమున్న కుర్చీ దగ్గరికి వచ్చేసరికి 'అందరికీ సమాన అవకాశం' గుర్తొస్తుంది. గుండిగ దగ్గరికి వచ్చేసరికి అది మన హక్కుగా మిగిలిపోతుంది.

సరైన వంటగది లేకపోతే ఏమవుతుందో దేశం రెండుసార్లు చూసింది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి కాలి 94 మంది పిల్లలు చనిపోయారు. మధ్యాహ్న భోజనం వండే చోట మొదలైన మంట పూరి కప్పుకు అంటుకుంది. సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2013 జులై 16న, బీహార్‌లోని గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. సరుకులు భద్రంగా ఉంచే గది ఆ బడికి లేదు. నూనె తేడాగా ఉందని వండే ఆమె చెప్పిందనీ, అయినా అదే వాడమన్నారనీ అప్పటి పత్రికలు రాశాయి.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆమె ముక్కు సరిగానే పనిచేసింది. ఆమె చేతికి నేర్పు ఉంది. లేనిది ఒక్కటే, 'ఇది వండను' అనే అధికారం. మంచి హోటల్ వంటగదికీ మన రేకు షెడ్డుకూ అసలు తేడా స్టీలు బల్లల్లో లేదు, ఇందులో ఉంది. అక్కడ పెద్ద వంటవాడు చేపను వాసన చూసి పారేయమంటే పారేస్తారు. ఇక్కడ పురుగు పట్టిన పప్పును ఆమె వద్దంటే 'నీకెందుకు, వండు' అంటారు. పిల్లలకు జబ్బు చేస్తే మాత్రం మొదట పని నుంచి తీసేసేది ఆమెనే. సరుకు పంపినవారినీ, నీళ్ల ట్యాంకు కడిగించనివారినీ, సరుకుల గది కట్టనివారినీ అడిగే వరకు విచారణ పోదు. అధికారం లేని మనిషి మీద బాధ్యత పెట్టడం అన్యాయం. మన ఆశ్రమ పాఠశాలల్లో దినకూలీ మీద మూడు పూటలా వండే కామాటీల పరిస్థితీ ఇదే.

మన ఆడవాళ్లకు శుభ్రత తెలియదు, ఆహార భద్రత తెలియదు అనేవాళ్లకు ఒక్క సంగతి గుర్తుచేద్దాం. అడవిలో కొన్ని దుంపలు విషపువి. వాటిని ముక్కలుగా తరిగి, పారే నీళ్లలో నానబెట్టి, విషం పోయాకే వండాలని మన అవ్వలకు తెలుసు. ఏ దుంపకు ఎంత నానాలో, ఏది ఒకసారి ఉడికిస్తే చాలో, దేన్ని ఉడికించి నీళ్లు పారబోయాలో తెలుసు. తెలియని జాతి అడవిలో ఇన్ని తరాలు బతికి ఉండేది కాదు. ఇది ప్రయోగశాల లేని ఆహార శాస్త్రం. దీన్ని పుస్తకాల్లోకి ఎక్కించే పని మన టీచర్లది.

బొంగులో చికెన్ సంగతీ అంతే. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడి ఆవిరవుతుంది, మూతి బిగించి ఉండటంతో ఆవిరి లోపలే తిరుగుతుంది, నూనె లేకుండానే మాంసం మెత్తబడుతుంది. గిన్నె లేని చోట మనవాళ్లు వెదురునే గిన్నె చేసుకున్నారు. అరకులో, మారేడుమిల్లిలో రోడ్డు పక్కన మనవాళ్లు కాల్చి అమ్మే ఈ వంట ఇప్పుడు నగరాల్లో పెద్ద హోటళ్ల మెనూలోకి ఎక్కింది. అక్కడ దాన్ని కళ అంటున్నారు, మన గూడెంలో బీదరికం అంటారు. వంట ఒకటే, వెదురు ఒకటే. మారింది బిల్లు ఎవరి పేరు మీద కొడుతున్నారన్నదే.

రేకు షెడ్డుకు విరుగుడుగా ఇప్పుడు ఒక మాట ముందుకొస్తోంది. 'ఈ తలనొప్పి అంతా ఎందుకు? పట్నంలో ఒక పెద్ద వంటశాల కట్టి, ఆవిరి బాయిలర్లు పెట్టి, వేల మందికి ఒకేసారి వండి వ్యాన్లలో పంపుదాం' అని. పెద్ద వంటశాల చెడ్డదని మేం అనం. ఇరుకు పట్టణాల్లో బడికి జాగా లేనిచోట అది అవసరమే కావచ్చు. కానీ మన కొండల మీద అది కుదరదు. వండిన అన్నాన్ని వడ్డించే దాకా 60 డిగ్రీల వేడికి తగ్గకుండా ఉంచాలని ఆహార భద్రత నియమం. ఘాట్ రోడ్డు మీద, వాగు పొంగిన రోజున, రోడ్డే లేని గూడేనికి, ఏ వ్యాను ఆ వేడి నిలుపుతుంది? వాగు దాటలేని రోజున పిల్లలు పస్తుండాలా? పైగా కొన్ని పెద్ద వంటశాలలు ఉల్లి, వెల్లుల్లి వాడవు, గుడ్డు వండవు. మన పిల్లలు ఏం తినాలో ఎక్కడో కూర్చున్నవారు తేల్చడం మనకు కొత్త కాదు, ఇంకోసారి ఒప్పుకోవాల్సిన పనీ లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ వ్యాను వచ్చిన రోజున మన ఆడవాళ్ల చేతిలోంచి వంట పోతుంది. ఇన్నేళ్లు పొగలో నిలబడినవాళ్లకు పొగ పోయే రోజున పని కూడా పోతుందన్నమాట. ఇది బాగుచేయడం కాదు, పక్కకు తోసేయడం. పొయ్యి మార్చమంటే మనిషిని మారుస్తారా? పెద్ద వంటశాలకు పెట్టే డబ్బులో కొంత మన బడి వంటగదికి పెట్టండి, చాలు.

మన చదువుకున్న పిల్లలతో కూడా ఒక మాట అనాలి. అమ్మ బడిలో వంట చేస్తుందని చెప్పుకోవడానికి కొందరు వెనకాడుతున్నారు. హోటల్లో పనిచేస్తే 'కిచెన్‌లో జాబ్' అని చెప్పగలుగుతున్నారు. రెండూ ఒకే పని. పైగా అమ్మ చేసేది ఎక్కువ కష్టం. సిగ్గుపడాల్సింది ఆమె పనికి కాదు, ఆమెకు ఆ రేకు షెడ్డు ఇచ్చినవారిని మనం ఇంతకాలం అడగనందుకు.

ఏం అడగాలో స్పష్టంగా రాస్తున్నాం. గట్టి కప్పు, పొగగొట్టం, గచ్చు నేల ఉన్న వంటగది. నడుము ఎత్తున పొయ్యి, అయిపోతే వెంటనే మార్చుకోవడానికి రెండో సిలిండరు. వంటగదిలోకే కుళాయి. తాళం వేసే సరుకుల గది, అందులోకి పురుగుమందు డబ్బా కాదు కదా ఫినాయిలు సీసా కూడా రాకూడదు. గుండిగ ఎత్తకుండా గంజి వార్చే వీలున్న పాత్రలు, లేదంటే పెద్ద కుక్కర్లు. కాలినప్పుడు వైద్యానికి, పని చేయలేనప్పుడు బతుకుకు బీమా. పన్నెండు నెలల జీతం, కనీస వేతనానికి తగ్గకుండా. బిల్లులు నెల నెలా. సరుకు బాగాలేకపోతే వెనక్కి పంపే హక్కు, రాతపూర్వకంగా. చేసిన ఏళ్లను లెక్కలోకి తీసుకుని ఒక సర్టిఫికెట్. పనిలోనే నేర్చిన నేర్పును పరీక్షించి గుర్తింపు ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది. తాపీ మేస్త్రీకి ఇచ్చే గుర్తింపు వంద మందికి వండే మనిషికి ఎందుకు ఇవ్వరు?

అడిగే దారి కూడా ఉంది. 1996 పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో సామాజిక రంగ సంస్థల మీద, వాటిలో పనిచేసేవారి మీద అదుపును పంచాయతీలకు, గ్రామసభకు ఇవ్వాలని చెబుతోంది. బడి సామాజిక రంగం కాక మరేమిటి? కాబట్టి యువకులు చేయాల్సిన మొదటి పని, మీ గూడెం బడి వంటచోటును కొలిచి, ఫొటో తీసి, ఏముందో ఏంలేదో ఒక కాగితం మీద రాయడం. రెండోది, ఆ కాగితాన్ని గ్రామసభలో చదివించి తీర్మానం చేయించడం. మూడోది, ఆ తీర్మానాన్ని ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం. సంతకం లేని అర్జీ గాలిలో పోతుంది.

టీచర్లకు వేరే పని ఉంది. పిల్లలకు పెట్టే ముందు ఒక టీచరు భోజనం రుచి చూడాలని నియమం. చాలాచోట్ల గిన్నెలో పెట్టించుకుని స్టాఫ్ రూములో రుచి చూస్తున్నారు. వారానికి ఒక్కరోజు షెడ్డులోకే వెళ్లి, పొయ్యి మండుతుండగా పది నిమిషాలు నిలబడి రుచి చూడండి. ఉప్పు సరిపోయిందో లేదో తెలుస్తుంది, కళ్లు ఎందుకు మండుతున్నాయో కూడా తెలుస్తుంది. తర్వాత రుచి రిజిస్టరులో రెండూ రాయండి. ఆమెను 'ఆయమ్మా, నీళ్లు' అని పిలవడం మాని, పేరు పెట్టి అక్కా అనో వదినా అనో పిలవండి. బడి గోడ మీద టీచర్ల పేర్లు రాసే బోర్డులో ఆమె పేరూ రాయించండి. ఆమె పేరు గోడ మీదికి ఎక్కాక, ఆ రేకు కింద ఆమెను నిలబెట్టడానికి ఎవరికైనా కాస్త కష్టమవుతుంది.